నేల మింగిన చెంబెడు నీళ్ళు

పగడాలు పేర్చి కట్టారా అనిపించే ఎర్రరాతి ప్రాకారాలు, ప్రాకారం మీద ప్రాకారంగా లేచిన బురుజులు, ప్రతి బురుజు మీదా రెపరెపలాడే కుంకుమరంగు పతాకాలు, కోటగుమ్మం మీద నోళ్ళు తెరిచిన శిలాశార్దూలాలు, వాటి కళ్ళలో పొదిగిన గోమేధికాలు. దాహదుర్గమంటే అది. దిక్కులన్నీ ఇసుకే అయిన మరుభూమి నడిబొడ్డున అంత వైభవం ఎందుకు కట్టారో కట్టినవాళ్ళకే తెలియాలి. రాజవీధిలో వజ్రాల అంగళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఊరంతా గాలించినా బావి మాత్రం ఒక్కటీ లేదు.

ఆ కోట ముందుకు ఒకనాటి ఉదయం ఇద్దరు మనుషులూ, నాలుగు ఒంటెలూ, ఒక పడవా వచ్చాయి.

పడవ ఒంటెల మధ్య మోకులకు వేలాడుతూ, ఇసుకలో ఒరుసుకుంటూ వచ్చింది. గుమ్మం దగ్గర కావలివాళ్ళు దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. పడవన్నది వాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూసింది లేదు. ఒంటెలకు దాణా పెట్టే తొట్టి ఇంత పెద్దదెందుకని ఒకడు అడిగాడు. ఇది నీటి మీద నడిచే బండి అని పెద్దవాడు భైరన్న చెప్పబోయేసరికి వాళ్ళు బల్లేలు కిందపెట్టి మరీ నవ్వారు. అంత నీరు ఒక్కచోట ఉంటుందన్న మాటే వాళ్ళకు కట్టుకథ.

నవ్వించడం చిన్నవాడు కదంబుడికి కొత్త కాదు. తూర్పు సముద్రం ఒడ్డున వేలాపురిలో పడవలు చేసే వడ్రంగి కొడుకతను. అతని చిన్నతనంలో ఊరి ఏరు ఒక్క వేసవిలో ఎండిపోయింది. మళ్ళీ రాలేదు. పొలాలు చవుడెక్కాయి, సగం ఊరు వలసపోయింది. ఏరు చచ్చిపోయిందని జోస్యులు తేల్చేశారు. ఏరు చావదనీ, లోనాడులో ఎక్కడో దారి తప్పి ఉంటుందనీ కదంబుడు ఒక్కడే వాదించాడు. మీసం మొలిచింది మొదలు అతని బతుకంతా ఆ లోనాడులోనే గడిచింది. మనిషి అడుగు పడని కొండలకు పేర్లు పెట్టాడు, మండే గడ్డిమైదానాలు దాటాడు, గుహల్లో నరమాంస భక్షకుల విందు నుంచి వడ్డన మొదలవకముందే లేచి వచ్చాడు. ఏరు దొరికితే ఎక్కడానికని పడవ కూడా తీసుకుపోతానన్నప్పుడు వేలాపురి మంత్రులు ముఖం తిప్పుకుని నవ్వారు. రాజు సముద్రవర్మ మాత్రం నవ్వలేదు. ఒంటెలిచ్చి పంపాడు.

ఈసారి బయలుదేరిన పదిమందిలో కొందరు వెనుదిరిగారు, కొందరిని ఇసుకలోనే పూడ్చవలసి వచ్చింది. మిగిలినవాడు భైరన్న ఒక్కడే. వంటవాడు, ఒంటెల కాపరి, కదంబుడి తండ్రికి బాల్యస్నేహితుడు. కదంబుడు అతన్ని మావా అని పిలుస్తాడు. నడినెత్తిన నిప్పులు కురుస్తున్నా గొణుక్కుంటూ నడిచే మనిషి. ఆ గొణుగుడు వినపడకపోతే కదంబుడికి కాళ్ళు ఆడవు.

దాహదుర్గానికి రాణి మరుద్వతి. సింహాసనం మీద వజ్రకిరీటంతో కూర్చున్న ఆమె పెదవులు మాత్రం ఊళ్ళో అందరి పెదవుల్లాగే పగిలి ఉన్నాయి. ఆమె పక్కన పులితోలు మీద, ఒంటి నిండా తన గుడి సాంబ్రాణి వాసనతో, శోషభట్టు అనే మాంత్రికుడు కూర్చుని ఉన్నాడు. ఆ కోటలో ఒళ్ళు నిగనిగలాడేవాడు అతనొక్కడే. పొద్దున్నే తన గుడి తలుపులు బిగించుకుని, మంత్రం చదివి గాలిలోంచి నీరు పిండుతాడట. తలకు ఒక దోసెడు పంచుతాడు. ఆ దోసెడు కోసం జనం అతని చెప్పులు నెత్తిన పెట్టుకుంటారు. రాణి కూడా అతను గొంతు సవరించుకుంటే మాట ఆపేస్తుంది.

సరిగ్గా అక్కడే భైరన్న కొంప ముంచాడు.

వేలాపురిలో పెద్దల దర్శనానికి వెళ్ళినవాడు చేతులు జోడించే ముందు వాళ్ళ పాదాలు కడుగుతాడు. ఆ మర్యాద తప్పినవాణ్ణి మనిషిలో జమకట్టరు. ఇసుకదారిలో తిత్తులు వట్టిపోతున్నప్పుడు కదంబుడు తన వంతు కూడా తగ్గించుకుని భైరన్నకు నీళ్ళిచ్చేవాడు. భైరన్న తాగినట్టు నటించి వాటిని చెంబులో దాచిపెట్టాడు. ఏ దొర ముందుకో వెళ్ళినప్పుడు చెంబెడు నీళ్ళకు మొహం వాచి, మర్యాద తెలియని మనుషుల్లా నిలబడడమేమిటని అతని పట్టుదల. ఇప్పుడు రాణిని చూడగానే కండువా నడుముకు చుట్టాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆ చెంబు నీళ్ళూ ఆమె పాదాల మీద భక్తిగా ధారపోశాడు.

సభలోని ముసలి మంత్రి ఒకడు ఆసనం దిగి, నేల మీద పడి, తడిసిన రాతికి నాలుక ఆనించాడు. అతని వెనక ఇద్దరు భటులు అదే పని చేశారు. భైరన్న చేతిలో ఖాళీ చెంబుతో అందరి ముఖాలూ చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు.

రాణి తన తడి పాదాల వైపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే కదంబుడికి మరీ భయమేసింది.

“మా దేశంలో మనిషిని సంపినోనికి చెరసాల. నీళ్ళు నేలన పోసినోనికి ఎండబండ. తెలీక చేసినాడని నాకూ అర్థమయితాంది. అయినా మా తాతల కట్టు నేను తప్పేదానికి లేదప్పా.”

ఎండబండ అంటే కోట నడుమ ఉన్న నల్లరాయి. నేరస్థుణ్ణి దాని మీద కట్టేస్తారు. మిగతా పని సూర్యుడు చేస్తాడు. పొద్దు పడమటి బురుజు దాటేసరికి ఎలాంటివాడైనా ఎండి వరుగైపోతాడు. భటులు రెక్కలు పట్టుకుని లేపుతుంటే భైరన్న పెనుగులాడలేదు. కదంబుడి వైపు తిరిగి, “నేను మర్యాదే కదా చేశాను అబ్బాయ్,” అన్నాడు. అంతే అన్నాడు. భటుల పట్టులో ఉన్నవి కదంబుణ్ణి ఎత్తుకుని పెంచిన చేతులు.

అయినా అతని చూపు భైరన్న మీద లేదు. అందరూ మనిషిని చూస్తుంటే అతను నీటిని చూస్తున్నాడు. ఇన్నేళ్ళ లోనాడు తిరుగుడులో అతనికి అబ్బిన అలవాటది. చెమర్చిన రాయి కనిపిస్తే చాలు, కళ్ళు వాటంతటవే దాని వెంట పోతాయి. పాదాల మీంచి జారిన నీళ్ళు సభలోకి పారలేదు. సింహాసనం మెట్టు కింద రాతిపలకకూ పలకకూ మధ్య ఉన్న సందులోకి ఒక్క గుక్కలో జారిపోయాయి. కదంబుడు బోర్లా పడుకుని సందుకు చెవి ఆనించాడు. ఇతనికీ మతి పోయిందని సభ అనుకుంది. చాలాసేపటికి ఎక్కడో పాతాళంలో టప్పుమని చప్పుడయింది. ఆ వెంటనే ఇంకొకటి. రాతి మీద పడ్డ చుక్క చప్పుడు వేరు, నీటి మీద పడ్డ చుక్క చప్పుడు వేరు. పడవల మధ్య పుట్టినవాడికి ఆ తేడా ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

అతను లేచి, ఆ కట్టులో విడుదలకు దారేమీ లేదా అని రాణిని అడిగాడు.

“ఉంది,” అంది రాణి. “పోసిన నీళ్ళు మళ్ళీ అదే నేలలోంచి తెచ్చిస్తే ఇడిసిపెట్టాల. ఇంతవరకు ఎవురూ తేల్యా.”

“పొద్దు బురుజు దాటేలోగా నేను తెస్తాను, తల్లీ. ఈ పలక లేపించండి చాలు.”

అప్పటిదాకా నవ్వుతూ కూర్చున్న శోషభట్టు ముఖం పాలిపోయింది. ఆ పలక కింద రాజవంశపు నాగు నిద్రపోతోందనీ, కదిపితే వంశం నిర్వంశమవుతుందనీ కంగారుగా చెప్పాడు. మనిషి అంత గడగడా మాట్లాడడం రాణి అదివరకు చూసి ఉండదు. అతను గొంతు సవరించుకున్నాడు. ఆమె మొదటిసారి మాట ఆపకుండా, పలక లేపమని భటులకు చెప్పింది.

పలక లేచింది. కింద నాగూ లేదు, గీగూ లేదు. మనిషి పట్టేంత బిలం, అందులోంచి చల్లటి గాలి. ఆ చల్లదనం తగిలి సభలోని ఆడవాళ్ళు చెంపలు పట్టుకున్నారు. కదంబుడు పడవను లోపలికి ఈడ్పించి బిలం మీద అడ్డంగా బోర్లించాడు. దాని వెన్నుదూలం మీదుగా మోకు వేసి, ఒక కొస ఒంటెలకు కట్టాడు, ఇంకో కొస నడుముకు బిగించాడు. ఒక చేత కాగడా, నడుమున గొడ్డలి, భుజాన కుండ. లోపలికి దిగిపోయాడు.

దిగుతూనే గబ్బిలాల మంద ముఖానికి అడ్డం పడింది. కాగడా ఊపి వాటిని చెదరగొట్టేసరికి, గోడ సందుల్లోంచి చేతుల్లాంటి వేర్లు సాగి కాళ్ళను చుట్టుకున్నాయి. నరికినచోటల్లా రెండేసి మొలిచాయి. ఇవి శోషభట్టు పెంచిన మాయవేర్లు. నిప్పు చూపిస్తే మాత్రం ముడుచుకున్నాయి. ఒంటెలు మోకు వదిలినకొద్దీ జర్రున జారి, చివరికి కదంబుడి పాదాలు నీటిలో ఆనాయి.

కాగడా పైకెత్తి చూశాడు. రాజమహలును మించిన గుహ, పైకప్పు నుంచి వేలాడే స్ఫటికపు ఊడలూ తోరణాలూ, వాటి మీద వెలుగు పడి ఇంద్రధనుస్సులు. కింద, అవతలి గట్టు కనపడనంత వెడల్పున, నల్లగా, నిండుగా ఏరు పారుతోంది. కదంబుడు నడుముకున్న మోకు విప్పి, వంగి దోసిలి పట్టి తాగాడు. తాగుతూ ఏడ్చాడు. ఏళ్ళ తరబడి పిచ్చివాడనిపించుకున్న మనిషికి ఆపాటి ఏడుపు న్యాయమే.

ఇంతలో గొలుసు చప్పుడయింది. రాతిరంగు మకరం ఒకటి, ఏనుగంత మేను, కళ్ళు లేని ముఖం, నోరు తెరుచుకుని అతని మీదికి దూకింది. కదంబుడు పక్కకు దొర్లి ఊపిరి బిగబట్టాడు. అది చూపుతో కాదు, చప్పుడుతో వేటాడుతోంది. దాని మెడకు లోపలివైపు ముళ్ళున్న ఇనపపట్టా ఉంది. పట్టాకు గొలుసు, గొలుసుకు పెద్ద చక్రం, చక్రానికి వరసగా కుండలు. ఆ కుండలు పైన ఒక సన్నటి సొరంగంలోకి పోతున్నాయి. సొరంగంలోంచి సాంబ్రాణి వాసన దిగివస్తోంది. అది శోషభట్టు గుడి వాసన. గాలిలోంచి నీరు పిండే మహామంత్రం ఇదన్నమాట. గుడ్డి మూగజీవాన్ని గానుగెద్దు చేసి తోడించడం.

మకరం మళ్ళీ మీదికి వచ్చింది. కదంబుడు కాగడాను దూరంగా నీళ్ళలోకి విసిరాడు. ఆ చప్పుడుకు అది అటు తిరగగానే చీకట్లో గొలుసు తడుముకుని గొడ్డలితో నాలుగు దెబ్బలు వేశాడు. లంకె తెగింది. మకరం మెడ విదిల్చి, గొలుసు లేదని తెలుసుకుని, అతని జోలికి రాకుండా నీటిలోకి జారుకుంది. దానికి మనిషి మాంసం కంటే కావలసింది అదే.

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక, స్ఫటికాలు సొంత వెలుగుతో మిణుకుమంటుంటే కదంబుడు గట్టు వెంట తూర్పుకు నడిచాడు. కొంతదూరంలో ఏటికి అడ్డంగా, శోషభట్టు మెడబిళ్ళ మీద ఉన్న కపాల ముద్రలే చెక్కిన రాతిగోడ ఉంది. నీరు దానికి కొట్టుకుని పక్కకు తిరిగి, అడుగు లేని అగాధంలోకి ఊరికే పడిపోతోంది. గోడ పగుల్లోంచి చెయ్యి పోనిచ్చి తడిమాడు. అవతల ఎండిన ఏటి అడుగు. చేతికి చిక్కిన గులకరాళ్ళు ఇవతలికి తీసి చూస్తే కందిపప్పు రంగులో ఉన్నాయి. చిన్నప్పుడు వేలాపురి ఏట్లో అతను జేబుల నిండా ఏరుకున్న రాళ్ళు అవే. ఊరి ఏరు దారి తప్పలేదు. శోషభట్టు దాన్ని దారి తప్పించాడు, దప్పిక ఉంటేనే తనకు దండాలు పెడతారని.

కుండ ముంచి, మోకు దగ్గరికి పరుగెత్తి, దాన్ని నడుముకు బిగించుకుని, గట్టిగా మూడుసార్లు లాగాడు. మోకు పైకి కదిలింది. సగం దారిలో నెత్తి మీద నిప్పురవ్వలు రాలాయి. తలెత్తి చూస్తే పడవ మండుతోంది. శోషభట్టు అరచేతిలోంచి అగ్నిగోళం విసిరాడు, ఒంటెలు బెదిరి ఆగిపోయాయి. కదంబుడు చీకటికీ మంటకూ మధ్య వేలాడుతున్నాడు. కుండను మాత్రం గుండెలకు హత్తుకుని వదలలేదు. అప్పుడు మోకు ఒక్క ఊపున పైకి లేచింది. వజ్రకిరీటం పక్కన పడేసి రాణి మరుద్వతి తానే ఒంటెల ముక్కుతాళ్ళు పట్టి పరుగెత్తిస్తోందని అతనికి బయట పడ్డాక గాని తెలియలేదు. వెనక మండుతున్న పడవ రెండు ముక్కలై బిలంలోకి కూలింది. తండ్రి చేతుల మీద తయారైన పడవ అది. దాని కోసం బాధపడే తీరిక అతనికి లేదు.

సూర్యుడు పడమటి బురుజు అంచు తాకుతున్నాడు. ఎండబండ మీద భైరన్న తల వాల్చేసి ఉన్నాడు, గొణుగుడు లేదు. కదంబుడు కుండను రాణి చేతిలో పెట్టాడు.

“అది నా తిత్తిలోంచి దొంగిలించిన నీరు,” అన్నాడు శోషభట్టు. “నేలలో నీరుండడం శాస్త్రంలో లేదు.”

జనం అటూ ఇటూ చూశారు. ఇన్నేళ్ళుగా అతని మాటే వాళ్ళకు శాస్త్రం. రాణి కుండలోకి తొంగిచూసి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపల వేలెడంత తెల్లటిదేదో గిరగిరా తిరుగుతోంది. “ఇదేంది, నీళ్ళకు పురుగు పట్టిందా?” అంది. దాహదుర్గంలో దానికి పేరే లేదు. మంత్రులు వచ్చి చూశారు, భటులు వచ్చి చూశారు. పిల్లలను ఎత్తుకుని తల్లులు వచ్చి చూశారు. ఎవరికీ అంతుబట్టలేదు. చివరికి రాణి కుండను ఎండబండ దగ్గరికే తీసుకెళ్ళి భైరన్న ముఖం ముందు పెట్టింది. అతను కళ్ళు తెరిచాడు. ఎండిన పెదవులు కదిలాయి.

“చేపపిల్ల, తల్లీ. పారే ఏట్లో తప్ప బతకదు. ఇంకాస్త పెద్దవి దొరికితే, చింతపండు పులుసు పెడితే…” అని, ఓపిక చాలక ఆగిపోయాడు.

రాణి తన చేత్తోనే అతనికి ఆ నీరు తాగించింది. తాళ్ళు కోసింది. అప్పుడు శోషభట్టు వైపు తిరిగింది. “తిత్తిలో పారే ఏరుంటాదా సామీ?” అని అడిగింది. ఆమె అలా అడగడంతోనే జనానికి గొంతు వచ్చింది. దాహదుర్గం దద్దరిల్లింది. వీధివీధినా డోళ్ళు మోగాయి. వజ్రాల అంగళ్ళు ఉన్నపళాన మూతపడ్డాయి, అంగడివాళ్ళు కుండలు పట్టుకుని బిలం దగ్గరికి పరుగెత్తారు. భైరన్నను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. పొద్దున అతని రెక్కలు విరిచిన భటులే ఆ భుజాలు ఇచ్చారు. అతను అంత ఎత్తునుంచి, నెమ్మదిగా తిప్పండ్రా, కళ్ళు తిరుగుతున్నాయి అని గొణుగుతుంటే కదంబుడికి ప్రాణం లేచివచ్చింది.

ఆ సందడిలో శోషభట్టు సుడిగాలిగా మారి బిలంలోకి దూకాడు. గుహ కప్పును కూల్చి ఏటిని శాశ్వతంగా పూడ్చేస్తానన్న అతని కేక సుడిగాలిలోంచి అందరికీ వినిపించింది. కదంబుడు రాణికి గోడ సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. గోడ పోతే ఏరు మీ కోట కిందుగానే పారుతుంది, ఇక్కడ మీరు తోడుకోవచ్చు, అక్కడ మావాళ్ళు పండించుకోవచ్చు, ఇప్పుడైతే అంతా అగాధం పాలవుతోంది అన్నాడు.

“నీళ్ళు ఆపేది పాపం నాయనా,” అంది ఆమె. “పోయి పగలగొట్టు.”

పడవ లేదు, దానితో పాటే మోకూ కాలిపోయింది. కదంబుడు గొడ్డలి నోట కరుచుకుని బిలంలోకి అమాంతం దూకాడు. నీళ్ళు అతన్ని మింగి పైకి నెట్టాయి. గోడ మీద శోషభట్టు చేతులెత్తి మంత్రం చదువుతున్నాడు, కప్పు నుంచి స్ఫటికాలు ఫెళఫెళ రాలుతున్నాయి. కదంబుడు ఈది గోడను చేరి, కపాల ముద్ర మీద గొడ్డలి దించాడు. గొడ్డలి పిడి విరిగింది గాని గోడ కదల్లేదు. మాంత్రికుడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వే అతని కొంప తీసింది. ఆ గొంతు కింద ఏళ్ళ తరబడి కొరడా తిన్న మకరం నీటి అడుగున దాన్ని గుర్తుపట్టింది. ఏరంతా పైకి లేచినట్టు లేచి, గొంతు వినపడ్డ వైపు తోక విసిరింది. శోషభట్టు తృటిలో తప్పుకున్నాడు. గోడ తప్పుకోలేకపోయింది.

మొదట ఒక రాయి పోయింది. ఆ సందులోంచి నీరు అవతలి ఎండిన దారిలోకి చిమ్మింది. తరవాత గోడకు గోడే భళ్ళున విచ్చుకుని, ఏరు ఏరంతా తూర్పుకు తిరిగింది. శోషభట్టు గబ్బిలమై వరద ముందు రివ్వున ఎగిరిపోయాడు. తూర్పుకే, వేలాపురి వైపే. అక్కడికి ముందు చేరేది ఏరా, మాంత్రికుడా అన్నది ఇక తేలవలసి ఉంది. కదంబుడు ఆలోచించలేదు. పక్కనుంచి దూసుకుపోతున్న మకరం మెడలో మిగిలిన గొలుసు ముక్కను రెండు చేతులా పట్టుకున్నాడు. మకరం అతన్ని ఈడ్చుకుంటూ చీకటి సొరంగంలోకి దూసుకుపోయింది.

పోయినవాళ్ళ పేరు ఇంట్లో ఎత్తనట్టే, ఎండిన ఏటి పేరు వేలాపురిలో ఎవరూ ఎత్తరు. కదంబుడి తల్లి కూడా ఏనాడూ ఎత్తలేదు. ఆ పేరు పలికి అతనికి పాతికేళ్ళు దాటింది. అటూ ఇటూ రాతిగోడలు మోగుతుంటే, నోట్లోకి నీళ్ళు పోతుంటే, ఆనందం పట్టలేక అతను గొంతెత్తి పిలిచాడు.

“మువ్వలేరూ.”

ఏరు అతన్ని ఇంటివైపు మోసుకుపోతూనే ఉంది.